సిడి దిగినవాణ్ణి కొట్టరు

“కొట్టమంటే కొట్టమమ్మా. సిడి దిగినోడి మీద చెయ్యేస్తే మా కండ్లు పోతాయి.”

“ఆయన సిడెక్కింది సినిమాకప్పా! జాతరకు కాదు.”

“ఆ తేడా గంగమ్మకు ఎవురు చెప్పినారు?”

“పూజారివి నువ్వుండావు గదా, నువ్వు చెప్పు.”

“నేను ఆయమ్మ మాట మీకు చెప్పేటోణ్ణి. మీ మాట ఆయమ్మకు చెప్పేటోణ్ణి కాదు.”

“పొద్దున మా సంగటి తింటా, కొడతామని అందరూ తలలూపినారే!”

“అప్పటికి ఆయన మనిషమ్మా. ఇప్పుడు కాదు.”

పుంగనూరు దాటి పలమనేరు వైపు కొంత దూరం పోతే రోడ్డును ఆనుకుని ఉన్న పల్లె అది. నేను, ఆ ఊరి గంగమ్మ పూజారి వీధి మొదట్లో నిలబడి అరుచుకుంటున్నాం. మా వెనక కెమెరా సిద్ధంగా ఉంది. కర్రలెత్తుకుని పరిగెత్తి రావలసిన ఊరిజనం కర్రలు గోడకు ఆనించేసి, చేతులు కట్టుకుని మా ఇద్దరి మాటల్లో ఎవరు గెలుస్తారా అని చూస్తున్నారు. దెబ్బలు తినవలసిన వీరుడు చింతచెట్టు నీడన కూర్చుని ఉన్నాడు. ఒంటికి అతుక్కున్న నీలం బనీను గుడ్డ, వీపున ఎర్ర గుడ్డ. ఆడవాళ్లు చంటిపిల్లల్ని తెచ్చి ఆయన పాదాల దగ్గర పడుకోబెట్టి, మొక్కి, ఎత్తుకుపోతున్నారు.

మర్నాడు పొద్దున ఆయన కుప్పంలో మద్రాసు రైలెక్కాలి. ఎక్కాడంటే మళ్లీ నాకు దొరకడు. వేరేవాళ్ల బొమ్మలో గడ్డం పెంచాలట. ఆ దెబ్బల సీను లేకపోతే నా బొమ్మకు నడుము లేనట్టే. ఆ పొద్దు వాలేలోగా అది తీయాలి.

సినిమాల్లో చేరాలని వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు, “కంప్యూటర్లు లేని కాలంలో మనుషుల్ని ఎట్లా ఎగరేసినారవ్వా?” అని. ఎగరేయడానికేముంది నాయనా, తాడు గట్టిగా ఉంటే గుమ్మడికాయ కూడా ఎగురుతుంది. దించిన తర్వాత వచ్చే చిక్కులు మీకు ఏ బడిలోనూ చెప్పరు. అందుకని ఈ ఒక్కటి రాస్తున్నాను.

నాది అక్షరాలు కూడబలుక్కునే చదువు. పెనిమిటి పోయాక పుంగనూరులో ఆయన నడిపిన టెంటు సినిమా నా నెత్తిన పడింది. గేటు దగ్గర నేనే కూర్చునేదాన్ని. ఏడుపు బొమ్మకు ఆడవాళ్లు ఒకసారి వచ్చి, కొంగు తడుపుకుని పోతారు. మనిషి గాల్లోకి లేచే బొమ్మకు ఇంటిల్లిపాదీ వస్తారు, మర్నాడు మళ్లీ వస్తారు. గేటు దగ్గర నేర్చుకున్న చదువు ఇది. డెబ్బైలు ముగిసే రోజుల్లో టెంటు అమ్మేసి, మదనపల్లెలో ఒక గది అద్దెకు తీసుకుని ఎగిరే వీరుడి బొమ్మ మొదలుపెట్టాను. బంధువులందరూ నాకు మతి చలించిందన్నారు. ఆ తర్వాత ఎనభైల్లో అలాంటివే మరికొన్ని తీశాను. మద్రాసులో మూతపడబోతున్న స్టూడియో ఒకటి కౌలుకు పట్టి నడిపాను. పేరున్న హీరోల చేత కూడా గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు ఫ్యాను ఆర్పించాను. అవన్నీ తర్వాతి మాటలు. ఆ పల్లెలో ఆ పొద్దు నా బొమ్మ ఆగిపోయి ఉంటే తర్వాత అనేదే లేదు. తిరిగి పోవడానికి టెంటు కూడా లేదు.

కథ చిన్నది. కరెంటు స్తంభాలెక్కే పనివాడికి పిడుగు తగిలి ఎగిరే శక్తి వస్తుంది. వాడు పైన తిరుగుతున్నందువల్లే వానలు పోయాయని ఊరు నమ్మి, వాణ్ణి పట్టుకుని చావబాదుతుంది. అంత బలం ఉండి కూడా వాడు తిరిగి చెయ్యెత్తడు. ఆ తర్వాత చెరువుకట్ట తెగితే వాడే వచ్చి ఊరిని కాపాడతాడు. కట్ట తెగే సీను తీయడం ముందే అయిపోయింది. హార్స్లీ హిల్స్ మీద బండ అంచున నిలబడి గాలికి ఎర్రగుడ్డ ఎగరేసేది కూడా అయిపోయింది. ఆ ఎర్రగుడ్డ మా టెంటులో తెర ముందు కట్టిన మఖ్మల్. చిరుగు లేనంత మేర కత్తిరించి కుట్టించాను.

ఇక మిగిలింది రెండే. వీరుడు ఊరిమీద ఎగరాలి, వీరుణ్ణి ఊరు కొట్టాలి.

ఎగరేయడానికి మద్రాసు నుంచి క్రేను తెప్పించాలని డైరెక్టరు అడిగాడు. ఆయన కృష్ణ దాటి వచ్చిన మనిషి, మంచివాడే, చేతికి మాత్రం ఎముక లేదు. సరిగ్గా అప్పుడే ఆ పల్లెలో గంగమ్మ జాతర ముగిసిందని, సిడిమాను ఇంకా దించలేదని తెలిసింది. సిడి చూడనివాళ్లకు చెబుతాను. పెద్ద మాను నిలువుగా పాతి, దాని తలమీద పొడుగాటి దూలం అడ్డంగా బిగిస్తారు. దూలం ఒక కొసకు మొక్కుకున్న మనిషిని కడతారు. రెండో కొసకున్న తాళ్లు పట్టుకుని జనం చుట్టూ పరిగెత్తితే ఆ మనిషి ఇళ్ల కప్పులపైన గిర్రున తిరుగుతాడు. వెనక్కి కొండ, పైన ఆకాశం, మనిషి గాల్లో. నాకింకేం కావాలి? మాను దించేలోపు ఎగిరేది తీసేసి, దెబ్బలు తర్వాత తీద్దామన్నాను.

“ముందు దెబ్బలు, ఊరిని కాపాడడానికి ఎగిరేది ఆ తర్వాత. కథలో వరస అదండీ అమ్మగారూ,” అన్నాడు డైరెక్టరు.

“కథ నిలబడి ఉంటాది నాయనా. సిడి నిలబడదు,” అన్నాను.

పూజారి కూడా సరేనన్నాడు. “ఎక్కేముందు పసుపునీళ్లు పోయాల. వేపమండ కట్టాల. ఊరికే ఎక్కితే మాకు అరిష్టం,” అన్నాడు. పసుపు, వేప అంతే కదా, పోయవయ్యా అన్నాను. ఆ నీళ్లతో ఆయన నా వీరుణ్ణి నా చేతిలోంచి తీసుకుని గంగమ్మ చేతిలో పెడుతున్నాడని నాకేం తెలుసు?

వీరుడికి బదులు ఎగరవలసిన డూపు మనిషి పొద్దున్నే సిడిమానును కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. కడుపునొప్పి అని చెప్పి మదనపల్లె బస్సెక్కాడు. మళ్లీ కనబడలేదు. నేను తలపట్టుకుంటే వీరుడు, “నేనే ఎక్కుతానండీ,” అన్నాడు. అంతవరకూ ఆ అబ్బాయితో నాకు మంచిగా లేదు. మా సంగటి, ఊరుబిండి పచ్చడి ముట్టడు, నీళ్లు కూడా మద్రాసు నుంచి తెచ్చుకున్న డబ్బాలోవే తాగుతాడు. ఎవరితో మాట్లాడడు. అలాంటివాడు ఎక్కుతాననేసరికి నాకు నమ్మకం కుదరలేదు. భయం మాత్రం కుదిరింది.

నడుముకు కట్టే తోలుపట్టా మదనపల్లెలో జట్కా గుర్రాలకు తోలు సాజు కుట్టే సాయిబు చేత కుట్టించాను. ఆయన కూడా తోడు వచ్చాడు. ముందు జొన్నమూట కట్టి తిప్పి చూశాం. మూట తిరిగింది, దిగింది. అయినా నాకు కుదురు లేదు.

“సాయిబూ, మూట కదలదు. మనిషి కాళ్లాడిస్తాడు గదా?”

“గుర్రం కాళ్లాడించదా అమ్మా? ఎన్ని తొక్కుళ్లు తొక్కినా నా పట్టా తెగలేదు, అల్లా కసమ్.”

“గుర్రం నేలమీద పడతాది. ఈయన ఇంటికప్పు మీద పడతాడు.”

ఆయన మళ్లీ పోయి కుట్లన్నీ వేలితో తడిమి వచ్చాడు.

తాళ్లు పట్టుకుని జనం పరిగెత్తారు. దూలం కిర్రుమంది. వీరుడు నేల విడిచాడు. బొమ్మ తీసేవాళ్లు మామూలుగా కెమెరా వైపు చూస్తారు. నేను మాత్రం ఆ పట్టానే చూస్తున్నాను. ఆయన కప్పుల మీదుగా పోతున్నాడు, ఎర్రగుడ్డ ఇంతెత్తున లేచింది, కింద జనం “గంగమ్మ తల్లీ” అని కేకలు. నాకు మాత్రం ఆ కిర్రు ఒక్కటే వినబడుతోంది. ప్రతి చుట్టుకూ ఆ కిర్రు కొంచెం మారినట్టే తోచింది. మారిందో, నా చెవికే అట్లా తోచిందో. అక్కడే ఎన్ని మొక్కులు మొక్కానో చెప్పను. చాలా భాగం ఇంకా తీర్చలేదు.

దించారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది కాని కాళ్లమీద నిలబడ్డాడు. ఒక ఆడమనిషి చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన పాదాల మీద పోసింది. ఇంకొకామె పోసింది. వరసకట్టారు. మద్రాసు డబ్బా నీళ్లు తప్ప తాగని ఆ అబ్బాయి, ఒక ముసలామె ఇచ్చిన చెంబెత్తి గటగటా తాగేశాడు. గండం గడిచిందనుకుని నేను కూలబడ్డాను. ఇక దెబ్బలు తీద్దాం, కర్రలందుకోండప్పా అని అరిచాను. అప్పుడు మొదలైంది మొదట రాసిన తగాదా.

డైరెక్టరు తన వంతు ప్రయత్నం చేశాడు. “నిజంగా కొట్టొద్దయ్యా. కర్ర ఎత్తి, పక్కన నేలమీద కొట్టండి. కెమెరాకు తగిలినట్టే ఉంటుంది.”

“ఎత్తితే ఎత్తినట్టే సామీ,” అన్నాడు పూజారి. “ఆయమ్మ కెమెరాలోంచి సూడదు.”

జనం గొల్లున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సూర్యుడు చింతచెట్టు కొమ్మల్లోకి దిగుతున్నాడు.

పక్కపల్లె నుంచి మనుషుల్ని తెద్దామని జీపు పంపాను. ఆ జీపు పోయినంత వేగంగా తిరిగి వచ్చింది. సిడి సంగతి జీపుకంటే ముందే అక్కడికి చేరింది. చుట్టుపక్కల ఏ ఊరికైనా గంగమ్మ ఒకటే.

చివరికి సాయిబును పట్టుకున్నాను. “నీకు మా గంగమ్మ అడ్డం లేదు గదా. నువ్వు ఒక్కడివైనా నాలుగు తగిలించు. ముఖం కనబడకుండా తీస్తారు.”

ఆయన గడ్డం గోక్కున్నాడు. “అడ్డం లేకుండె అమ్మా. ఆయన పైకి లేచినప్పుడు నేను భయపడి మీ గంగమ్మకు కూడా ఒక మాట చెప్పుకుంటి. పట్టా తెగనీయకు తల్లీ అని. ఆమె తెగనియ్యలె. ఇప్పుడు ఎట్ల కొట్టేది?”

డైరెక్టరు కుర్చీలో చతికిలబడి ముఖానికి తుండు కప్పుకున్నాడు. కెమెరా అబ్బాయి వచ్చి, డబ్బాలో మిగిలిన రీలు ఒక్క సీనుకు వస్తుందేమో, అదీ రెండోసారికి రాదు అని చెప్పిపోయాడు. ఎవరినైనా కసురుకుందామంటే కసరడానికి మనుషులు మిగల్లేదు. చింతచెట్టు కింద వీరుడు చంటిపిల్ల నెత్తిన చెయ్యిపెట్టి, తియ్యాలో ఉంచాలో తెలియక నా వైపు చూస్తున్నాడు.

నేను పోయి పూజారి పక్కన అరుగుమీద కూర్చున్నాను. అరవడానికి ఓపిక అయిపోయింది.

“అన్నా, ఒక మాట చెప్పు. సిడెక్కినోడు దేవుడేమీ కాదు గదా. దిగినాక తప్పు చేస్తే ఏం జేస్తారు? తాగి వచ్చి పెండ్లాన్ని తంతే? ఊరికి ద్రోహం జేస్తే?”

“కొట్టం. తిట్టం.”

“మరి?”

“వాకిలి మూస్తాం. ఆయన వీదిలో వస్తా ఉంటే ఒక్కో ఇల్లూ మూసేస్తాం. నీళ్లడిగినా పలకం. మా నాయన కాలంలో ఒకసారి మూసినారు. ఆ మనిషి వీది కొస దాకా నడిచి, ఆడనే కూలబడి పసిపిల్లోని మాదిర ఏడ్చినాడంట.”

నేను లేచి డైరెక్టరు ముఖం మీది తుండు లాగేశాను.

ఆయన వినగానే ఒప్పుకోలేదు. “ఫైటు లేని వీరుడి బొమ్మా? తలుపులు మూస్తే జనం ఈలలేస్తారా అండీ?” అన్నాడు. వేయరేమో. ఆ మాట నాకూ గుచ్చుకుంది. గేటు దగ్గర కూర్చున్నదాన్ని నేను. కర్రలు, రక్తం, ఈలలు, ఇవే జనానికి కావాలని అంతవరకూ నమ్మిందాన్ని. కాని ఎదురుగా ఉన్నది వాలుతున్న పొద్దు, కాస్త రీలు, కొట్టని జనం. “తియ్యి నాయనా. ఈల రాకపోతే నేనేసుకుంటా,” అన్నాను.

పూజారి ఊళ్లోవాళ్లను పోగేసి ఏదో చెప్పాడు. వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకున్నారు. ఒకరిద్దరు ఆడవాళ్లు తల అడ్డంగా ఊపారు. తర్వాత ఆయన వచ్చి, “మూస్తాం,” అన్నాడు. ముఖం మాత్రం ప్రసన్నంగా లేదు. నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే కాదంటారేమోనని భయం.

వీరుడు వీధి మొదట్లో నిలబడ్డాడు. ఎలా నటించాలని డైరెక్టరు చెప్పబోతే, “వద్దండీ, నడుస్తాను,” అన్నాడు. కెమెరా తిరిగింది. మొదటి ఇంట్లో, అంతకుముందు ఆయన కాళ్లమీద నీళ్లు పోసిన మనిషే, తలుపు మూసింది. రెండో ఇంటి తలుపు మూసుకుంది. ఎడమవైపు, కుడివైపు. ఎవరూ కోపం నటించలేదు. తలుపుచెక్కల చప్పుడు తప్ప వీధిలో మాట లేదు. సగం దూరం పోయేసరికి ఆ అబ్బాయి భుజాలు దిగిపోయాయి. ఎర్రగుడ్డ నేల ఊడ్చింది. చివరి ఇల్లు, చెంబు నీళ్లిచ్చిన ముసలామెది. ఆమె గడపలో నిలబడి ఆయన్నే చూసింది. మూయదేమో, అంతా చెడిపోతుందేమో అనుకున్నాను. మూసింది. ఎంత మెల్లగా మూసిందంటే చప్పుడు కూడా రాలేదు. కెమెరాలో రీలు ఆడుతూనే ఉంది. డైరెక్టరు ఆపమనడం మరిచిపోయాడు. అది దానంతటదే అయిపోయింది.

బొమ్మ విడుదలయ్యాక మదనపల్లెలో జనం మధ్య కూర్చుని చూశాను. ఎగిరేటప్పుడు ఈలలతో హాలు ఊగిపోయింది. తలుపుల దగ్గర ఈలలు రాలేదు, డైరెక్టరు చెప్పినట్టే. హాల్లో ఎవరో చంటిపిల్లను జోకొట్టే చప్పుడు కూడా వినబడింది. మర్నాడు వాళ్లే మళ్లీ వచ్చారు. ఎందుకు వచ్చారో గేటు దగ్గర చదువు నాకు చెప్పలేదు. ఆ తర్వాత నా బొమ్మల్లో దెబ్బలు తగ్గించాను. దెబ్బలకు కట్టే పట్టీల ఖర్చు మిగులుతుందని అందరికీ చెప్పుకున్నాను.

అదంతా సరే. ఆ మర్నాటి పొద్దున ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను.

మదనపల్లెలో తెల్లవారకముందే కారులో బయలుదేరాం. ముందు సీట్లో డైరెక్టరు, వెనక నేను, వీరుడు. వెనక పెట్టెలో ఆయన వేషం. ఆయన పాంటు చొక్కా వేసుకుని, దువ్వుకుని, మళ్లీ మద్రాసు మనిషైపోయాడు. రైలు తప్పిపోతుందేమోనని నేను డ్రైవర్ని తొందరపెడుతూనే ఉన్నాను. పుంగనూరు దాటాం. ఎండ పడింది. ఆ పల్లె వచ్చింది.

ఏ వాకిట్లోనూ కల్లాపి లేదు. ముగ్గు లేదు. రోడ్డు మీద నుంచి వీధి మొత్తం కనబడుతుంది. ఒక్క తలుపూ తెరిచి లేదు. జనం పెరళ్ల వెనకనుంచి గోడలు దాటి వచ్చిపోతున్నారు. పూజారి అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు.

“కారు ఆపండి,” అన్నాడు వీరుడు.

నేను తల బయటపెట్టాను. “ఏమన్నా, తలుపులు యాల తీయలేదు?”

“ఆయనొచ్చి పిలవందే ఎట్ల తీస్తారమ్మా? మూసింది ఆయన మీద గదా.”

“నిన్న చెప్పలేదే!”

“నువ్వు మూసేది అడిగినావు. తీసేది అడగలేదు.”

“మరి ఆయన మద్రాసుకు పోతే?”

“పెరటి దోవ ఉండాది గదా,” అన్నాడు పూజారి. పుల్ల ఇంకో పక్కకు మార్చాడు.

డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. “రైలండీ,” అన్నాడు. నా సీను డబ్బాలో భద్రంగా ఉంది. నాకు ఇక ఆ అబ్బాయితో పని లేదు. వెళ్దామంటే వెళ్లిపోవచ్చు.

ఆయన దిగాడు. పూజారి ఆయన్ను ఎగాదిగా చూసి, “ఇట్ల పోతే ఎవురో సర్కారు మనిసి అనుకుంటారప్పా,” అన్నాడు. ఆయన కారు వెనక్కి వచ్చి, పెట్టె తెరిచి, ఎర్రగుడ్డ తీసి పాంటు చొక్కా మీదే మెడకు కట్టుకున్నాడు. ముడి సరిగా పడలేదు. నేను దిగి బిగించాను.

మొదటి తలుపు తట్టి, “అమ్మా,” అన్నాడు. తలుపు తీశారు. రెండోది తట్టాడు. డైరెక్టరు రెండు చేతులు కెమెరాలా పట్టుకుని చూసి, తర్వాత దించేశాడు. రీలు ముక్క కూడా లేదు. కుప్పంలో రైలు దాని వేళకు అది పోయింది. ఆయన ఒక్క ఇల్లూ వదలకుండా వీధి కొస దాకా పోయాడు.

చివరి ఇంటి ముసలామె తలుపు తీసింది. ఆమె చేతిలో పేడనీళ్ల బకెట్టు ఉంది. “పొద్దెక్కిపోయింది, కల్లాపి జల్లాల, పక్కకు జరుగు నాయనా,” అంది.

జరిగాడు.